కార్తీశ్వరి కూర్చున్న చోటు

పొద్దున ఆరింటికి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికి వేలమ్మాళ్ మైదా గంజి కాచి దించేసేది. అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. గంజీ నీలంగా తిరిగేది, పెట్టెలు అంటించేవాళ్ళ వేళ్ళూ నీలంగా తిరిగేవి. కోవిల్‌పట్టిలో ఆ వీధి ఆడవాళ్ళందరికీ చూపుడువేలు నీలమే. ఆమె భర్త పొన్నుసామికి ఫ్యాక్టరీలో పుల్లలకు మందు ముంచే పని. ఆయన సద్ది కట్టుకుని సైకిలెక్కి పోయాక, వేలమ్మాళ్ వాకిట్లో పలక ముందేసుకుని కూర్చునేది. వేళ్ళకే కళ్ళున్నట్టు, ఎటో చూస్తూ పెట్టెలు అంటించుకుంటూ పోయేది.

లోపల, నట్టింటి స్తంభం పక్కన, రెండో కూతురు కార్తీశ్వరి కూర్చునేది. ఏడేళ్ళుగా అదే చోటు. చదివినా అక్కడే, తిన్నా అక్కడే, పడుకున్నా అక్కడే. బయటికి పోవలసి వస్తే తన ఇనప్పెట్టెను సరిగ్గా ఆ చోటికి జరిపి, అందులో పుస్తకాలు పెట్టి పోయేది. చిన్నప్పుడు అన్నం తింటూ కూడా ఒక కాలు వాకిట్లో పెట్టుకునే పిల్ల ఇంత కుదురుగా ఎట్లా మారిందా అని వీధంతా మెచ్చుకునేది.

"అక్కా, నీ కూతురు చదువుతా ఉండాదా, గుడ్లు పొదుగుతా ఉండాదా?" అని పక్కింటి ముత్తుప్పేచ్చి నవ్వేది.

"ఏదో ఒకటి పొదగనీలే. ఉండే ఒక్కటీ ఎగిరిపోకుంటే చాలు," అనేది వేలమ్మాళ్.

ఆ మాట వినబడినప్పుడల్లా కార్తీశ్వరి పుస్తకాన్ని మొహానికి ఇంకొంచెం దగ్గరగా తెచ్చుకునేది.

ఆ వీధి నేలకు ఒక గుణం ఉండేది. ఇళ్ళలో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే జనం వాళ్ళు. ఏ భాషలోనైనా ఇల్లు వదిలేటప్పుడు ఉత్తినే పోతానని ఎవరూ అనరు. పోయొస్తా అనాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు పోయిరా అనాలి. పోయినవాళ్ళకు తిరిగొచ్చే తలపు ఉన్నన్నాళ్ళూ, వాళ్ళు రోజూ కూర్చునే చోట నేల వెచ్చగా ఉండేది. ముత్తుప్పేచ్చి మొగుడు బొంబాయికి పోయి పదకొండేళ్ళు. తిన్నె మీద ఆయన చోటులో పిల్లి పడుకునేది, ముసురు పట్టినప్పుడు ఆమె అక్కడే వడియాలు ఎండబెట్టుకునేది. ఒక మంగళవారం ఆయన వచ్చి కూర్చున్నాడు, వడియాలు ఇంకో చోటికి మారాయి, అంతే. విళాత్తికుళం మిరప చేలకని పోయిన ఇంకొకాయన చోటు మాత్రం మధ్యాహ్నానికే చల్లబడింది. సాయంత్రం ఆయన పేరు పొడిచిన ఎవర్‌సిల్వర్ స్టీలు పళ్ళేన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, ఇంటిల్లిపాదీ తలకు పోసుకున్నారు. పళ్ళెం గడప దాటిందంటే ఆ మనిషి ఇక ఆ ఇంటి మనిషి కాదు.

తొంభై నాలుగులో, దీపావళికి ముందు ఐప్పశి మాసంలో ఒక సోమవారం, పెద్దకూతురు మారీశ్వరి ఇల్లు వదిలింది. విరుదునగర్‌లో పప్పు మిల్లులో పనిచేసే జెబరాజ్‌ని చేసుకుంటానంది. వాళ్ళదీ ఇంట్లో తెలుగే, కానీ చర్చికి పోయేవాళ్ళు. పొన్నుసామి ఒప్పుకోలేదు. నాయన ఫ్యాక్టరీలో, అమ్మ పెట్టెలు అప్పజెప్పడానికి పోయినప్పుడు, మారీశ్వరి చెల్లెలి గడ్డం పట్టుకుని చెప్పింది.

"కార్తీ, అమ్మ వస్తే చెప్పు. అక్క పోయొస్తానని చెప్పి పోయినాది అని. మూడో నాడు ఆయన్ని తోడుకుని వస్తా. నాయన కొట్టినా పడతా. మరిచిపోవద్దేమి?"

కార్తీశ్వరికి అప్పుడు పద్నాలుగేళ్ళు. తల ఊపింది. కానీ ఆమె చూపంతా అక్క ఒంటి మీదున్న పచ్చ ఓణీ మీదే ఉంది. అది కార్తీశ్వరిది. దీపావళికని కొన్నది, ఇంకా మడత విప్పనిది. అడగనైనా అడగకుండా కట్టుకుని పోతోంది.

సాయంత్రం పొన్నుసామి బెల్టు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. "పోతా పోతా ఏమన్నా చెప్పినాదా?" అని వేలమ్మాళ్ అడిగింది. చెప్పిందని అంటే, తెలిసీ ఎందుకు పోనిచ్చావని ఆ బెల్టు కార్తీశ్వరి మీదికే వస్తుంది. పచ్చ ఓణీ కూడా కళ్ళ ముందు కదిలింది.

"ఏమీ చెప్పలేదు," అంది కార్తీశ్వరి.

మర్నాడు పొద్దున ఆమె స్తంభం పక్కన, అక్క రోజూ కూర్చునే చోటులోనే ముడుచుకుని కూర్చుంది. వేలమ్మాళ్ వాకిట్లోంచి, ఇటు తిరగకుండానే అడిగింది. "నాకు చెయ్యి రావడంలేదు. నువ్వు చూసి చెప్పవే. వెచ్చగుండాదా?"

నేల కోడి కింది గుడ్డులా వెచ్చగా ఉంది. ఉందంటే నిన్నటి మాట అబద్ధమని తేలిపోతుంది.

"చల్లగుండాది మా."

మధ్యాహ్నం పళ్ళెం గడప దాటింది. బదులుగా ఒక ఎర్ర ప్లాస్టిక్ బిందె వచ్చింది.

బుధవారం కార్తీశ్వరి ఆ బిందెతోనే నీళ్ళకు పోయింది. వీధి మొగలో పాతసామాన్లవాడి బండి ఆగి ఉంది. బండికి వేలాడుతున్న పళ్ళెం మీద చుక్కలు చుక్కలుగా అక్క పేరు. ఆ బండికి అవతల మారీశ్వరి నిలబడి ఉంది, చేతిలో అరటి గెల, తల్లో పూలు, పక్కన జెబరాజ్. పళ్ళేన్ని చూస్తోంది. చాలాసేపు చూసింది. జెబరాజ్ ఏదో అడిగితే తల అడ్డంగా ఊపి, అరటి గెలను అక్కడే బండి మీద పెట్టి, బస్టాండు వైపు తిరిగింది. బండికి ఇవతల, బిందె చాటున, కార్తీశ్వరి నాలుగు అడుగుల దూరంలో ఉంది. పిలిస్తే వినబడేది.

అప్పటినుంచి ఆ చోటును ఎవరికీ వదల్లేదు. అక్క తలపు అక్కడ అట్లాగే ఉంది, ఎవరి చెయ్యి తగిలినా తన గుట్టు బయటపడుతుంది. మొదట భయంతో కూర్చుంది. ఊరికే కూర్చోలేక చదివింది. పదో తరగతి ఇంగ్లీషులో తప్పింది. అట్టలేని ఒక ఇంగ్లీషు గ్రామర్ గైడును పాతపేపర్ల కొట్లో తూకానికి కొనుక్కుని, తనంతట తానే దిద్దుకుని పాసైంది. ప్లస్ టూ ప్రైవేటుగా కట్టింది. బీఏ ఇంగ్లీషు పోస్టులో చదివింది. చలికాలం తెల్లవారుజామున కూడా ఆమెకు దుప్పటి అక్కర్లేదు. ఇనప్పెట్టెలోంచి తీసిన పుస్తకాలు అప్పుడే దించిన ఇడ్లీల్లా ఉండేవి. తన చదువంతా అక్క వెచ్చదనం మీద పొదిగిందేనని ఆమెకు తెలుసు. తెలిసీ ఇంకో పేజీ తిప్పేది.

సాయంత్రాలు ఆ చోటులోంచే ట్యూషన్ చెప్పేది. జరిగిపోయిన పని చెప్పడానికి ఇంగ్లీషులో రెండు దారులున్నాయి, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్‌ఫెక్ట్. ఎప్పుడు ఏది వాడాలో బళ్ళో అయ్యవార్లు చెప్పినా పిల్లలకు పట్టుబడేది కాదు. కార్తీశ్వరి దగ్గర పట్టుబడేది.

"మీ అమ్మ వంట చేసింది. గిన్నె మీద చెయ్యి పెట్టి చూడు. చల్లారిపోయిందా? అయితే సింపుల్ పాస్ట్. అమ్మ కుక్డ్. ఆ పని అయిపోయింది, తలుపు మూసేశారు. ఇంకా వేడిగా ఉందా, ఆ వేడి ఇప్పటికీ నీకు తగులుతోందా? అయితే అమ్మ హాజ్ కుక్డ్. పని నిన్నటిదే కావొచ్చు. దాని సెగ మాత్రం ఇవాళ్టిది."

ఈ గిన్నె లెక్క నోటికి నోటిగా పాకి, విరుదునగర్‌లో ఒక మెట్రిక్యులేషన్ స్కూలుదాకా పోయింది. రెండు వేల ఒకటి మే నెలలో అక్కణ్ణించి కార్డు వచ్చింది. టీచరు ఉద్యోగం ఖాళీ ఉంది, వచ్చి ఒక పాఠం చెప్పి చూపించండి అని.

ఆ కార్డు వచ్చిన వారంలోనే కార్తీశ్వరి ఇంకొకటి గమనించింది. నేల వెచ్చదనం కుంచించుకుపోతోంది. ఏడేళ్ళూ చేటంత ఉన్నది అరచేతంతయింది. నాలుగు రోజులకు తమలపాకంతయింది. ఆకు అంచుల్లో ఇప్పటికే చల్లదనం. ఆరిపోతే తన గుట్టు ఇక ఎప్పటికీ బయటపడదు. ఇనప్పెట్టె ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అది తెలిసిన క్షణం ఆమెకు ఒక్క ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ తేలిక గుర్తొచ్చి తరవాత రెండు పూటలు అన్నం సయించలేదు.

విరుదునగర్ స్కూల్లో హెడ్మిస్ట్రెస్ జానకియమ్మాళ్ ఆమెను ఏడో తరగతి సెలవుల క్లాసులోకి తీసుకుపోయి, వెనక బెంచీలో కూర్చుంది. "ఆ గిన్నె పాఠమే చెప్పండమ్మా," అంది తమిళంలో. కార్తీశ్వరి గిన్నెలతో మొదలుపెట్టింది. కానీ నిలబడి పాఠం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. కాళ్ళ కింద చల్లటి గచ్చు. చెయ్యి తనకు తెలియకుండానే బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది. మై సిస్టర్ వెంట్ టు విరుదునగర్. మై సిస్టర్ హాజ్ గాన్ టు విరుదునగర్.

"మొదటిదాంట్లో పోవడం అయిపోయింది, మాట్లాడేవాళ్ళు దాన్ని మూసిపెట్టేశారు. రెండోదాంట్లో ఆమె ఇంకా తిరిగి రాలేదు. వస్తుందని చూస్తున్నారు."

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకటి లేచింది. "టీచర్, మీ అక్కా? ఈ ఊళ్ళోనే ఉందా?"

"లేదమ్మా. ఊరికే ఉదాహరణకి."

"ఉంటే ఇప్పుడు పోయి చూసుకోవచ్చు గదా అని అడిగాను టీచర్," అని ఆ పిల్ల కూర్చుంది.

జానకియమ్మాళ్‌కి పాఠం నచ్చింది. జూన్‌లో చేరమంది. కార్తీశ్వరి దండం పెట్టి బయటికొచ్చింది. బస్టాండుకు పోవలసిన కాళ్ళు చర్చి వీధికి తిరిగాయి. జెబరాజ్ పేరు చెబితే ముగ్గుర్ని అడిగాక నాలుగో మనిషి దారి చూపించాడు.

ధనియాల గోడౌన్ ముందు పదిమంది ఆడవాళ్ళు చెరుగుతున్నారు. వాళ్ళలో మారీశ్వరి ఉంది. చిక్కింది. చెల్లెల్ని చూసి చేట ఆపలేదు.

"ఎవురు చచ్చిపోయినారు?" అని అడిగింది.

"ఎవురూ లేదక్కా."

"మరేంటికి వచ్చినావు?"

"నువ్వు చెప్పిన మాట నేను అమ్మకు చెప్పలేదక్కా. ఏమీ చెప్పకుండా పోయిందని అన్నా. నేల చల్లగుందని కూడా నేనే అన్నా."

చేట రెండు మూడు సార్లు ఎగిరి, నెమ్మదించింది. పక్కనున్న ఆడవాళ్ళకు తెలుగు రాదు. వాళ్ళ పాటికి వాళ్ళు చెరుగుతున్నారు.

"నేను చెప్పి పోయినా వాళ్ళు పళ్ళెం ఇచ్చేసినారనుకుంటి," అంది మారీశ్వరి. "ఏడేళ్ళూ అదే అనుకుంటి. బిడ్డ పుట్టినప్పుడు జాబు రాయిద్దామని కూర్చుని, చెప్పినా ఒద్దనుకున్నోళ్ళకు ఏం రాసేదని చింపేస్తి. ఏంటికే చెప్పలేదు?"

కార్తీశ్వరికి పెద్ద కారణం ఒకటి ఉంటే బాగుండుననిపించింది. "నాయన బెల్టు పట్టుకోనుండె. ఆ పొద్దు నువ్వు నా పచ్చ ఓణీ కట్టుకోని పోతివి," అంది.

"ఓణీకా?"

మారీశ్వరి నవ్వబోయింది. అది సగంలో ఇంకేదో అయింది. కొంగుతో మొహం తుడుచుకుని, ధనియాల్లోంచి ఒక రాయి ఏరి పారేసింది. "వచ్చే గురువారం తిరుప్పూరు పోతా ఉండాం. ఆయనకు బనియన్ కంపెనీలో పని దొరికినాది. ఇంక ఈ పక్కకు రాము. నువ్వు పో."

"ఒక్కసారి ఇంటికి రాక్కా."

"నన్నెవురు పిలిచినారు? నువ్వా?"

బస్సు సాత్తూరు దాటుతుండగా కార్తీశ్వరి కిటికీ కమ్మీకి తల ఆనించుకుంది. ఏడేళ్ళుగా ఆమె తన తప్పును మనసులో ఒకే తీరుగా చెప్పుకుంది. అప్పుడు ఒక అబద్ధం చెప్పాను, చిన్నదాన్ని, అయిపోయింది. చల్లారిన గిన్నెలా పక్కన పెట్టేసింది. ఇప్పుడు తన పాఠం తనకే ఎదురుతిరిగింది. ఆ రెండు అబద్ధాలూ చెప్పి లేచి పక్కకు తప్పుకుని ఉంటే, ఏ రోజో ఒక రోజు అమ్మ ఊడుస్తూ అక్కడ చెయ్యి పెట్టేది. నేల తన మాట తాను చెప్పుకునేది. అబద్ధానికి పట్టింది క్షణం. దాని మీద కూర్చున్నది ఏడేళ్ళు. ఇవాళ పొద్దున కూడా, ఇనప్పెట్టెను అక్కడికి జరిపే బస్సెక్కింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వేలమ్మాళ్ ఇంకా వాకిట్లోనే ఉంది. కార్తీశ్వరి లోపలికి పోయి ఇనప్పెట్టె పక్కకు లాగింది. ఏడేళ్ళ చారలు నేల మీద నలుచదరంగా తేలాయి.

"మా, ఇట్లా రా."

"గంజి ఎండిపోతాది. ఏందో చెప్పు."

కార్తీశ్వరి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. తీసుకుపోయి ఆ నీలం వేళ్ళను చదరం నడుమ ఆనించింది. తమలపాకంత కూడా లేదిప్పుడు, రూపాయి బిళ్ళంత ఉంది. వేలమ్మాళ్ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆమె కూతుర్ని చూడలేదు, నేలనే చూసింది.

"ఎప్పట్నుంచీ?"

"మొదట్నుంచీ. పోయొస్తానని చెప్పే పోయినాది. మూడో నాడు అరటి గెలతో వీధి మొగదాకా వచ్చినాది. పళ్ళెం చూసి తిరిగిపోయినాది. ఇవాళ విరుదునగర్‌లో చూసి వస్తి. వచ్చే గురువారం తిరుప్పూరు పోతా ఉండారంట, ఇంక రారంట."

కొడుతుందనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. వేలమ్మాళ్ కాళ్ళు చాపి, ఆ నేల మీదే ఒక పక్కకు ఒరిగి, చెంప ఆనించి పడుకుంది. వాకిట్లో గంజి ఎండిపోయింది. పొన్నుసామి వచ్చి, సైకిలు గోడకానించి, భార్యను అట్లా చూసి గుమ్మంలోనే ఆగాడు.

"మారి చెప్పే పోయినాదంట," అందామె లేవకుండా. "ఇది మన కళ్ళెదురుగానే దాని చోటు మీద కూచోనుండె."

పొన్నుసామి కూతుర్ని చూశాడు. తొట్టి దగ్గరికి పోయి మందు చేతులు కడుక్కున్నాడు, సబ్బు అరిగిపోయేదాకా కడుక్కున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే వేలమ్మాళ్ కొత్త చీర కట్టుకుని విరుదునగర్ బస్సుకు పోయింది. కార్తీశ్వరితో పోయొస్తానని అనలేదు. కార్తీశ్వరికి వాకిట్లో పలక ముందు, తల్లి రోజూ కూర్చునే చోట చెయ్యి పెట్టి చూడ్డానికి పదింటిదాకా ధైర్యం చాలలేదు. పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. పక్కనే గచ్చు మీద కూర్చుని ఏడ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు ఆడవాళ్ళూ ఒక పిల్లా వీధిలోకి వచ్చారు. ముత్తుప్పేచ్చి తిన్నె మీంచి లేచి, "మారీ, ఎండన పడి వస్తా ఉండావే, నీళ్ళు తాగు," అంది, నిన్నగాక మొన్న చూసినట్టు. మారీశ్వరి తాగి, తన గడప దగ్గరికొచ్చి ఆగింది.

"నాలుగున్నర బస్సుకు పోవాల," అంది. "అమ్మ కాళ్ళు పట్టుకుంటే రాకుండా ఉండలేక వస్తి. ఇల్లు చూసి పోతా."

పోయొస్తా అనలేదు. లోపలికీ రాలేదు. గడప మీద, కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంది. చెల్లెలు ఒకతె ఉందన్నట్టే చూడలేదు. కార్తీశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ ఇంట్లో ఆమె ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు.

పిల్లకు ఐదేళ్ళు, పేరు ప్రియ. ఆ మౌనం దానికి పట్టలేదు. ఇల్లంతా తిరిగి, ఇనప్పెట్టె ఎక్కి దిగి, స్తంభం చుట్టూ రెండు సార్లు తిరిగి, నేల మీది చదరంలో చతికిలబడింది. "ఈడ వెచ్చగుండాది మా," అని తల్లికి చెప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది. రాత్రంతా నిద్ర లేని పిల్లలా అట్లాగే పడుకుని నిద్రపోయింది.

నాలుగయింది. మారీశ్వరి వెనక్కి తిరిగి పిలిచింది. పిల్ల కదల్లేదు. వేలమ్మాళ్ పోయి తలగడ పెట్టబోయి, వంగి నేల తడిమి, అట్లాగే ఉండిపోయింది. రూపాయి బిళ్ళ మేర దాటి, పిల్ల పాదాలదాకా, స్తంభందాకా వెచ్చగా ఉంది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. విసనకర్ర తీసుకుని పిల్ల పక్కన కూర్చుంది. నాలుగున్నరకు బస్సు హారను వీధి మొగలో వినబడింది, దూరమైంది. మారీశ్వరి వింటూ కూర్చుంది. నిద్రలో ఉన్న బిడ్డను లేపడానికి లోపలికి రావాలి. చివరికి లేచి, చెప్పులు విడిచి వచ్చింది. లేపలేదు. పక్కన కూర్చుని పిల్ల నుదుటి చెమట తుడిచింది.

ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఇంకాసేపట్లో పొన్నుసామి వచ్చేస్తాడు.

"నిలబడే ఉంటివే," అంది వేలమ్మాళ్, కార్తీశ్వరి వైపు చూడకుండా. "పోయి బియ్యం కడుగు. నలుగురికి."

కార్తీశ్వరి వంటింట్లోకి పోయింది. అమ్మ, నాయన, అక్క, పిల్ల. నలుగురికీ నాలుగు గిద్దలు కొలిచి పోసి, నీళ్ళు వంచింది. రెండో నీళ్ళు వంచుతుండగా వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూడలేకపోయింది. మారీశ్వరి ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, డబ్బాలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి గిన్నెలో పోసింది.

"మళ్ళా కడుగు," అంది.